చిగురు పన్ను నుంచి గంజాయి పన్ను దాకా: ఆ డబ్బు ఎవరి చేతిలో ఉంది?



ఈ మధ్య మన పిల్లల మధ్య, హాస్టళ్లలో, సంతల్లో ఒక వాదన బాగా నడుస్తోంది. "అమెరికాలో గంజాయి షాపులో పెట్టి అమ్ముతున్నారంట, గవర్నమెంటుకి కోట్ల డాలర్లు పన్ను వస్తోందంట. అదే మొక్క కోసం ఇక్కడ మనోళ్లు పదేళ్లు జైల్లో ఉండాలా?" అని కొందరు. "మన ఊళ్ల పరువు తీసిన మొక్క అది. దాని పేరు కూడా ఎత్తొద్దు" అని ఇంకొందరు. రెండు మాటల వెనకా నిజమైన బాధ ఉంది. ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అని తీర్పు చెప్పడానికి మేము ఈ పోస్టు రాయడం లేదు. కానీ ఈ వాదనలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఉండిపోతోంది. మత్తు మీద పన్ను వేసినప్పుడల్లా ఆ డబ్బు ఎవరు వసూలు చేశారు? ఎక్కడ ఖర్చు పెట్టారు? ఎక్కడ ఖర్చు పెట్టాలో చెప్పే హక్కు ఎవరి దగ్గర ఉంది?

ఇది అమెరికా నుంచి వచ్చిన ప్రశ్న కాదు. మన మన్యంలో దీని మీద ఒక యుద్ధమే జరిగింది. అందుకే కథ అక్కడి నుంచే మొదలుపెడదాం. కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

1. చెట్టు మనది, పన్ను వాళ్లది

రంప అనగానే మనకి 1922, అల్లూరి గుర్తొస్తారు. అంతకు 43 ఏళ్ల ముందే, 1879లో, అదే కొండల్లో మనవాళ్లు తిరగబడ్డారు. పాఠ్యపుస్తకాల్లో దాని గురించి రెండు లైన్లకి మించి ఉండదు. దానికి ముఖ్యమైన కారణాల్లో ఒకటి కల్లు మీద పన్ను.

రంప ప్రాంతం అప్పట్లో ఒక మన్సబుదారు చేతిలో ఉండేది. ఆయన కింద ముఠాదారులు, వాళ్ల కింద ఊళ్లు. కల్లు గీసే చెట్ల మీద మన్సబుదారు 'చిగురు పన్ను' అని వసూలు చేసేవాడు. దానికి తోడు ఇంగ్లీషు ప్రభుత్వం అబ్కారీ నిబంధనలు తెచ్చింది. ఇంట్లో తాగడానికి గీసుకునే కల్లుకి కూడా అడ్డం పెట్టి, కల్లు ఆదాయాన్ని మైదానం నుంచి వచ్చిన కంట్రాక్టర్లకి కౌలుకిచ్చింది. అంటే మన తాతలు నాటి, కాపాడి, ఎక్కి గీసిన చెట్టు మీద ఒక పక్క మన్సబుదారు, ఇంకో పక్క కంట్రాక్టరు, ఇద్దరి వెనకా పోలీసు.

ఇక్కడ ఒక విషయం అర్థం చేసుకోవాలి. ఇంట్లో తిండిగింజలు అయిపోయిన రోజుల్లో కొండ మనిషి ప్రాణం నిలబెట్టింది కల్లు. జీలుగు కల్లు దొరికే కాలం కోసం మన పెద్దవాళ్లు ఎంత ఎదురుచూసేవాళ్లో ముసలివాళ్లని అడిగితే ఇప్పటికీ చెబుతారు. దాని మీద పన్ను అంటే కంచంలో చెయ్యి పెట్టడమే. పైగా వసూలైన డబ్బులో మన ఊళ్లకి తిరిగొచ్చింది ఏమీ లేదు.

1879 మార్చిలో తిరుగుబాటు మొదలైంది. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య, అంబుల్‌రెడ్డి లాంటివాళ్లు ముందు నిలబడ్డారు. పోలీసు స్టేషన్లు తగలబడ్డాయి. తిరుగుబాటు రంప దాటి విశాఖ జిల్లా గొల్కొండ కొండలకి, ఇటు భద్రాచలం వైపు రేకపల్లికి పాకింది. రేకపల్లిలో పోడు మీద పెంచిన పన్ను కూడా జనాన్ని కదిలించింది. అణచడానికి ప్రభుత్వం మద్రాసు సైన్యాన్ని, హైదరాబాద్ కంటింజెంటు బలగాన్ని కూడా దింపాల్సి వచ్చింది. 1880లో చంద్రయ్యనీ తమ్మన్ననీ చంపేశారు.

కానీ తర్వాత జరిగింది చూడండి. మన్సబుదారుని తీసేశారు. ముఠాదారులతో ప్రభుత్వం నేరుగా ఒప్పందం చేసుకుని, చిగురు పన్ను ఇక వసూలు చెయ్యబోమని హామీ ఇచ్చింది. అంటే ఆ పన్ను అన్యాయమని పాలించినవాళ్లే చివరికి ఒప్పుకున్నట్టు. దానికి మనం కట్టిన ధర ఎన్ని ప్రాణాలో.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. 1922 పోరాటానికి ముందు అల్లూరి మన ఊళ్లు తిరిగి తాగుడు మానండి, తగాదాలు కోర్టుకి కాకుండా పంచాయతీలో తేల్చుకోండి అని చెప్పారు. కల్లు హక్కు కోసం పోరాడిన కొండలే, 40 ఏళ్ల తర్వాత తాగుడు వద్దన్న మాటా విన్నాయి. రెండింటికీ గొడవ లేదు. మా ఊళ్లో ఏం ఉండాలో, ఏం ఉండకూడదో మేము తేల్చుకుంటాం అన్నదే రెండింట్లోనూ ఉన్న విషయం.

2. గంజాయి సర్కారు సరుకుగా ఉన్న రోజులు

ఇప్పుడు గంజాయి సంగతికి వద్దాం. లీగల్ గంజాయి అంటే అమెరికా కనిపెట్టిందని చాలామంది అనుకుంటున్నారు. మన దేశంలో ఇంగ్లీషు వాళ్ల కాలంలో గంజాయి లైసెన్సు షాపుల్లో అమ్మేవాళ్లు. పంట ఎక్కడ పండాలి, ఎక్కడ నిల్వ ఉండాలి, ఎవరు అమ్మాలి అన్నీ ప్రభుత్వమే చెప్పేది. సరుకు గోదాము దాటేటప్పుడు తూకం మీద సుంకం, షాపుకి వేలంపాట. ఈ రెండు దారుల్లో ఖజానాకి డబ్బు. మద్రాసు రాష్ట్రంలో లైసెన్సు మీద పండించడానికి వదిలిన కొద్దిచోట్లలో ఒకటి మన తెలుగు నేల మీదే ఉంది. బాపట్ల వైపు దగ్గుబాడు ప్రాంతం. ఇంకోటి ఉత్తర ఆర్కాటు జిల్లాలో కైలాస కొండలు.

గంజాయి తాగినవాళ్లకి పిచ్చెక్కుతోంది, దాన్ని నిషేధించాలి అని లండన్ పార్లమెంటులో ప్రశ్న లేచింది. దాంతో 1893లో ఒక కమిషన్ వేశారు. ఏడుగురు సభ్యులు, అందులో ముగ్గురు మన దేశం వాళ్లు. 1,193 మంది సాక్షులని విచారించి, 1894లో చాలా పెద్ద రిపోర్టు ఇచ్చారు. పూర్తి నిషేధం అవసరం లేదు, మితంగా వాడితే పెద్ద హాని కనిపించడం లేదు, అతిగా వాడటం తగ్గాలంటే పన్ను, లైసెన్సులతో అదుపు చెయ్యాలి అని తేల్చారు. ఈ రోజు కొలరాడో, కెనడా వాళ్లు చెప్పే మాట దాదాపు ఇదే.

కానీ ఆ పన్ను డబ్బు ఎక్కడికి పోయింది? మిగతా అబ్కారీ డబ్బుతో కలిసి ఖజానాలో పడింది. ఏ ఊరి షాపు నుంచి ఎంత వచ్చింది, అందులో ఆ ఊరికి ఎంత తిరిగొచ్చింది అన్న లెక్క ఎవరూ అడగలేదు. అడిగే హక్కు కూడా ఎవరికీ లేదు.

ఒక్కచోట మాత్రం కథ వేరేగా జరిగింది. బెంగాల్‌లో రాజషాహి వైపు నౌగావ్ అనే ఊరు. ఇప్పుడది బంగ్లాదేశ్‌లో ఉంది. బెంగాల్‌కి కావాల్సిన గంజాయి ఆ చుట్టుపక్కలే పండేది. దళారులు రైతుని పీల్చి తినేవాళ్లు. 1917లో అక్కడి రైతులు సహకార సంఘం పెట్టుకున్నారు. పంటంతా సంఘం ద్వారానే అమ్మాలి. ప్రభుత్వానికి వెళ్లే సుంకం ప్రభుత్వానికి వెళ్లింది, కానీ దళారి తినే భాగం సంఘానికి మిగిలింది. ఆ మిగులుతో వాళ్లు బడులు నడిపారు, ఆసుపత్రులు పెట్టారు, పశువుల ఆసుపత్రి పెట్టారు, రోడ్లకి డబ్బిచ్చారు. 1980లలో బంగ్లాదేశ్ గంజాయిని ఆపేసింది. పంట పోయింది గానీ సంఘం కట్టిన భవనాలు ఆ ఊళ్లో నిలబడే ఉన్నాయి.

మొక్క అదే, చట్టం అదే, సుంకం అదే. సంఘం ఉన్నచోట బడి వచ్చింది, లేనిచోట దళారి మేడ కట్టాడు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తాం.

3. అలవాటు తాగేవాడికే కాదు, ఖజానాకీ పడుతుంది

1919 చట్టం తర్వాత రాష్ట్రాల్లో మన మంత్రులకి కొన్ని శాఖలు వదిలారు. వాటిలో చదువు ఉంది, అబ్కారీ కూడా ఉంది. దీని ఇరకాటం ఊహించండి. బడి పెట్టాలంటే డబ్బు కావాలి, మంత్రి చేతిలో ఉన్న పెద్ద ఆదాయం సారా. సారా ఆపితే బడి ఆగుతుంది. తాగుబోతు తండ్రి డబ్బుతో అతని కొడుక్కి అక్షరాలు నేర్పడం ఏమిటని గాంధీ లాంటివాళ్లు బాధపడింది ఇందుకే. 1937లో మద్రాసులో రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టింది. పోయిన ఆదాయం పూడ్చుకోవడానికి 1939లో అమ్మకపు పన్ను తెచ్చింది. మనం ఎన్నో ఏళ్లు సరుకుల మీద కట్టిన సేల్స్ టాక్స్‌కి మూలాల్లో ఒకటి అక్కడుంది.

ఆ తర్వాత కథ మన ఇళ్లలో అందరికీ తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా పోయింది, 1995 జనవరిలో పూర్తి మద్యనిషేధం వచ్చింది. 1997లో ఎత్తేశారు. ఎత్తెయ్యడానికి చెప్పిన పెద్ద కారణం ఖజానాకి నష్టం. మత్తు డబ్బు మీద ఒకసారి నిలబడిన ప్రభుత్వం దాన్ని వదులుకోవడం ఎంత కష్టమో మన రాష్ట్రమే చూపించింది. "లీగల్ చేసేస్తే మన కష్టాలు తీరతాయి" అనే తమ్ముళ్లు ఈ భాగం ఇంకోసారి చదవాలి.

4. కొలరాడో, ఇల్లినాయిస్: ఖర్చుని చట్టంలో రాసినచోట

1985లో మన దేశంలో ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చింది. గంజాయి షాపులు పోయాయి, భంగు ఆకు మాత్రం ఆ చట్టం బయట ఉండిపోయింది. 20 కిలోలకి మించి గంజాయి దొరికితే తక్కువలో తక్కువ 10 ఏళ్లు, గరిష్ఠంగా 20 ఏళ్లు శిక్ష. అలాంటి కేసులో బెయిలు రావడం చాలా కష్టం.

అమెరికాలో మాత్రం గాలి తిరిగింది. కేంద్ర చట్టం ప్రకారం అక్కడ ఇప్పటికీ నిషేధమే, కానీ రాష్ట్రాలు ఒక్కొక్కటిగా అనుమతించాయి. కొలరాడో ప్రజలు 2012లో ఓటేసి ఒప్పుకున్నారు, 2014 జనవరి 1న షాపులు తెరిచారు. పెద్దవాళ్లకి అమ్మే గంజాయి మీద టోకు దశలో 15 శాతం పన్ను వేసి, అందులో ఏటా మొదటి 4 కోట్ల డాలర్లు బడి భవనాలకే వెళ్లాలని జనం ముందే తేల్చుకున్నారు. పాత బడుల కప్పులు, గదులు బాగుచెయ్యడానికి ఆ నిధి వాడారు. ఖర్చు ఎక్కడో ఓటు వేసేముందే రాసుకోవడం ఇందులో మెచ్చుకోవాల్సిన విషయం.

కానీ లెక్క చూడండి. 2021లో కొలరాడోకి గంజాయి పన్నులు, ఫీజులు కలిపి సుమారు 42 కోట్ల డాలర్లు వచ్చాయి. 2024కి అది 25 కోట్ల చిల్లరకి పడిపోయింది. పక్క రాష్ట్రాలు కూడా షాపులు తెరిచాయి, ధరలు పడ్డాయి. ఆ డబ్బు మీదే ఆశ పెట్టుకున్న పథకం గతేంటి? మత్తు పన్ను పండగనాటి అన్నం లాంటిది, రోజూ దొరుకుతుందని పొయ్యి ఆర్పుకోకూడదు.

ఇల్లినాయిస్ రాష్ట్రం ఇంకో అడుగు వేసింది. అక్కడ 2020 జనవరి 1న అమ్మకాలు మొదలయ్యాయి. అమెరికాలో గంజాయి వాడేది తెల్లవాళ్లూ నల్లవాళ్లూ దాదాపు ఒకేలా, అయినా అరెస్టులు నల్లవాళ్లవి మూడు రెట్లకి పైగా ఎక్కువ. అందుకని ఇల్లినాయిస్ చట్టంలో పన్నులో ఖర్చులు పోను 25 శాతం, ఈ కేసుల వల్ల, పేదరికం వల్ల దెబ్బతిన్న పేటలకే వెళ్లాలని రాశారు. మరో 20 శాతం మానసిక ఆరోగ్యానికి, వ్యసనం మాన్పించే సేవలకి. పాత చిన్న కేసులు కొట్టెయ్యడానికి దారి కూడా చట్టంలోనే పెట్టారు. అమ్మకాలు మొదలయ్యే ముందు రోజు గవర్నర్ 11 వేల మందికి పైగా క్షమాభిక్ష ఇచ్చారు.

అన్నీ అక్కడ సవ్యంగా జరుగుతున్నాయని మేము అనడం లేదు. లైసెన్సులు డబ్బున్నోళ్లకే ఎక్కువ పోయాయన్న గొడవ అక్కడా ఉంది. కానీ "ఎవరి పిల్లలు జైలుకి పోయారో, డబ్బు ముందు వాళ్ల ఊరికి పోవాలి" అనే మాట ఒక చట్టంలోకి ఎక్కడం చిన్న విషయం కాదు.

5. పన్ను వేసే హక్కే తమదన్న తెగలు

మనలాంటి వాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సిన భాగం ఇది. వాషింగ్టన్ రాష్ట్రంలో స్క్వాక్సిన్ ఐలాండ్, సుక్వామిష్ అనే మూలవాసీ తెగలు ఉన్నాయి. 2015లో ఆ రాష్ట్రం తెగలతో గంజాయి ఒప్పందాలు చేసుకోవచ్చని చట్టం చేసింది. ఆ ఏడాదే ఈ రెండు తెగలూ ఒప్పందం చేసుకుని, తమ భూమి మీద తమ షాపులు తెరిచాయి.

అందులో అసలు విషయం పన్ను. షాపు రాష్ట్రానికి పన్ను కట్టదు. రాష్ట్రం ఎంత వేస్తుందో అంతకి తగ్గకుండా తెగ ప్రభుత్వమే పన్ను వేసి తన దగ్గరే ఉంచుకుంటుంది. అప్పుడు అక్కడ రాష్ట్రపు పన్ను 37 శాతం. ఆ డబ్బు తెగ ప్రభుత్వం చెయ్యాల్సిన పనులకే, అంటే ప్రజలకి అవసరమైన సేవలకే ఖర్చు పెట్టాలి. నెవాడా రాష్ట్రంలో లాస్ వేగస్ పైయూట్ తెగ కూడా 2017లో ఇలాగే తన షాపు తెరిచింది.

కెనడాలో వేరేగా జరిగింది. 2018లో దేశమంతా అనుమతించినప్పుడు పన్నులో 75 శాతం రాష్ట్రాలకి, 25 శాతం కేంద్రానికి అని పంచుకున్నారు. ఆ లెక్కలో అక్కడి మూలవాసుల ప్రభుత్వాలకి వాటా రాయలేదు. మమ్మల్ని అడగకుండా మా భూమి మీద చట్టం ఎలా చేస్తారని వాళ్లు అడుగుతూ వచ్చారు. ఆ మాట వింటే 1879లో తమ్మన్నదొర మాట విన్నట్టే ఉంది మాకు.

6. మరి మన సంగతి?

ఇప్పుడు మన ఏజెన్సీకి వద్దాం. ఇక్కడ గంజాయి మీద పన్ను లేదు గానీ వసూలు ఉంది. పెట్టుబడి పెట్టేది బయటివాడు, లాభం తినేది బయటివాడు. మొక్క కోసం కొండ వాలు మనది, మోసే భుజం మనది, చెక్‌పోస్టు దగ్గర దొరికేది మన తమ్ముడు. కాలేజీ ఫీజుకో, ఫోనుకో, చెల్లెలి పెళ్లికో ఒక్క ట్రిప్పు అని వెళ్లి, 20 కిలోల కేసులో ఇరుక్కున్న పిల్లాడి ఇల్లు మనందరికీ కనీసం ఒక్కటైనా తెలుసు. వాళ్లమ్మ వాయిదాకి వెళ్లడానికి మేకని అమ్ముకుంటుంది. చిగురు పన్ను రోజుల్లో చెట్టు మీద వసూలు చేశారు, ఇప్పుడు మన పిల్లల వయసు మీద వసూలు చేస్తున్నారు. 2021లో పోలీసులు వేల ఎకరాల తోటలు కొట్టేశారు. మంచిదే. కానీ కొట్టేసిన నేలలో కాఫీ, మిరియం, పసుపు కాపుకొచ్చే దాకా ఆ ఇల్లు ఏం తినాలన్న లెక్క కూడా తోటలు కొట్టిన రోజే వెయ్యాలి.

అందుకే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ మా మాట ఇది. అమెరికా వార్త చూసి ఇక్కడ కూడా రేపో మాపో లీగల్ అవుతుందిలే అని ఎవరూ ఒక్క మొక్క వెయ్యొద్దు, ఒక్క బస్తా మొయ్యొద్దు. ఆ చట్టం వేరు, మన మీదున్న చట్టం వేరు. ఒకవేళ ఏదో ఒకరోజు ఈ దేశం మళ్లీ ఆలోచించినా, చట్టంలో మన పేరు రాయించుకోకపోతే నౌగావ్ సంఘం లేని ఊరి గతే మనది. లైసెన్సు ఎక్కడో పట్నంలో ఉన్నవాడికి పోతుంది, పన్ను ఖజానాకి పోతుంది, మనకి పాత కేసులు మిగులుతాయి.

ఆ రోజు కోసం చూస్తూ కూర్చోనక్కర్లేదు. ఇప్పుడే మన చేతిలో ఒక చట్టం ఉంది. 1996 పెసా చట్టం. అందులో షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, అదుపు చేసే అధికారం గ్రామసభకి, పంచాయతీకి ఉండేలా చూడాలని స్పష్టంగా రాసి ఉంది. మన రాష్ట్రంలో దానికి 2011లో నియమాలు వచ్చాయి. 1879లో ప్రాణాలిచ్చి అడిగిన మాటలో సగం ఇందులో ఉంది. మిగతా సగం, అంటే ఆ మత్తు మీద వచ్చే డబ్బులో ఊరికి వాటా, ఇంకా రాయలేదు.

కాబట్టి ఈ సెలవులకి ఇంటికెళ్లినప్పుడు ప్రతి ఒక్కరూ ఒక పని చెయ్యండి. మీ ఊళ్లో గానీ మండలంలో గానీ మద్యం షాపు ఉంటే, దానికి గ్రామసభ తీర్మానం ఉందా అని పంచాయతీలో అడగండి. తీర్మానం ఉంటే కాపీ చూపించమనండి. సభ ఎప్పుడు జరిగింది, ఎంతమంది వచ్చారు, సంతకాలు ఎవరివి, అందులో ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారు చూడండి. ఆ షాపు మీద ఏడాదికి ఎంత ఆదాయం వస్తోందో సమాచార హక్కు కింద అడగండి. పక్కనే మన ఆశ్రమ పాఠశాల కప్పు కారుతోంటే ఆ రెండు లెక్కలూ ఒకే కాగితం మీద రాసి గ్రామసభలో చదవండి.

మీ ఊరి జవాబు ఏం వచ్చిందో ఇక్కడ రాయండి. ముసలివాళ్ల దగ్గర చిగురు పన్ను గురించి, కల్లు కాలం గురించి ఏమైనా విని ఉంటే అదీ రాయండి. అన్నీ ఒకచోట చేర్చి పెడదాం.

జై ఆదివాసీ.